ఇంగ్లండ్‌లో రోడ్డు మీద కనిపించే పాత బ్రిటిష్ కార్లను ఎలా గుర్తుపట్టాలి?

ఏడేళ్లుగా కవెంట్రీ దగ్గర ఉంటున్నాను. మెకానిక్‌ని కాను, పాత కార్లు చూసే పిచ్చి మాత్రం ఉంది. మీరు అడిగిన ఇబ్బంది మొదట్లో నాకూ ఉండేది. గుండ్రంగా ఉన్న ప్రతి పాత కారూ నా కంటికి అంబాసిడరే.

ఒక ఆదివారం మా పక్క ఊళ్లో పబ్బు ముందు పాత కార్లు చేరాయి. బూడిద రంగు కారు ఒకటి చూసి, "ఇది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కదా, మా నాన్న నడిపిన అంబాసిడర్ దీన్నుంచే వచ్చింది" అన్నాను గొప్పగా. ఓనరు పెద్దాయన నవ్వి, ఇది మోరిస్ కంపెనీవాళ్ల చిన్న కారు మైనర్, ఆక్స్‌ఫర్డ్ దీనికి అన్నలాంటిది అన్నాడు. ఇక అరగంట వదల్లేదు.

మోరిస్ మైనర్ 1948లో వచ్చింది. డిజైనర్ అలెక్ ఇసిగోనిస్, తర్వాత 1959లో మినీ అనే బుల్లి కారు చేసింది కూడా ఆయనే. తయారీకి సిద్ధమయ్యాక కారు మరీ సన్నగా ఉందనిపించి, నమూనాను నిలువునా రెండుగా కోయించి నాలుగు అంగుళాలు వెడల్పు చేయించాడు. అప్పటికే బంపర్లు తయారై ఉన్నాయి. వాటినీ మధ్యలో కోసి అతుకు వేశారు. తొలి మైనర్లలో ఆ అతుకు కనిపిస్తుంది. బానెట్ మధ్యలో ఉన్న చదునైన పట్టీ కూడా ఆ నాలుగు అంగుళాల గుర్తే. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉంటే అది 1956కి ముందుది. వెనక భాగానికి చెక్క చట్రం ఉంటే అది మైనర్‌లోనే ట్రావెలర్ అనే రకం. అది అలంకారం కాదు, బాడీని మోసేది ఆ చెక్కే. పుచ్చిపోతే ఖర్చు మామూలుగా ఉండదట.

ఏ సంవత్సరానిదో తెలియాలంటే నంబర్ ప్లేటు చూడండి. 1963 నుంచి 1983 దాకా ఇచ్చిన నంబర్లలో చివరి అక్షరం ఏడాదిని చెబుతుంది: A అంటే 1963, C అంటే 1965. 1967 నుంచి అక్షరం ఆగస్టులో మారేది. కానీ పూర్తిగా నమ్మకండి. కారును అసలు వయసు కంటే కొత్తగా చూపించే నంబరు పెట్టుకోకూడదు కానీ, పాతగా చూపించేది కొనుక్కోవచ్చు.

చూడటానికైతే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. నవంబర్ మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్‌కి 1905కి ముందు తయారైన కార్లు బయలుదేరతాయి, వణుకుతూనైనా ఒక్కసారి చూడాలి. అయినా నా ఓటు పబ్బు ముందు గుంపుకే. మ్యూజియంలో కార్లు మాట్లాడవు, ఇక్కడ ఓనర్లు ఆపరు.

అసలు ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీని ఈ ఏడేళ్లలో ఒక్కసారే చూశాను. ఆక్స్‌ఫర్డ్ ఊరి పక్కన కౌలీలోని మోరిస్ ఫ్యాక్టరీలో దాని తయారీ 1959లో ఆగిపోయింది. దాన్నుంచి పుట్టిన అంబాసిడర్ మాత్రం బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైంది. ఈ సంగతి చెబితే పెద్దాయన మొదటిసారి నోరు మూసుకుని విన్నాడు. తర్వాత అడిగింది ఒక్కటే: మీ నాన్న కారులో ఎంతమంది పట్టేవాళ్లని. పిన్ని పెళ్లికి పదకొండు మందిమి వెళ్లాం, ఇద్దరు పిల్లలం డిక్కీలో అన్నాను.

నమ్మలేదు.