రాత్రి పదకొండుకి క్లయింట్ మెసేజ్

పెద్ద పీఆర్ (కంపెనీలకు ప్రజా సంబంధాలు చూసే) ఏజెన్సీలో చేరిన ఆరు నెలలకే నిద్ర కరువైంది, మానేయాలా అని అడిగారు కదండీ. నేనూ అలాంటి చోటే నాలుగేళ్లు చేశాను. పొద్దున ఏడింటికల్లా పేపర్లన్నీ తిరగేసి క్లయింట్ గురించి వచ్చిన వార్తలు పంపడం, పగలంతా రిపోర్టర్లకు ఫోన్లు, రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో 'అర్జెంట్'. టైమ్‌షీట్‌లో మాత్రం ఎనిమిది గంటలే రాసేదాన్ని, బుద్ధి లేక! మీరు చేసిన గంటలన్నీ రాయండి. నెలకింతని ఫీజు ఇచ్చే క్లయింట్ ఎంత అదనపు పని లాగుతున్నాడో మేనేజర్‌కి కనబడేది అక్కడే. వార్తల క్లిప్పింగులను స్కేలుతో కొలిచి, అంత చోటుకి ప్రకటన రేటు ఎంతో లెక్క కట్టమంటే, 2010లోనే బార్సిలోనా సూత్రాలు (పీఆర్ ఫలితాలను ఎలా కొలవాలో ఆ రంగం వాళ్లు ఒప్పుకున్న నియమాలు) ఆ లెక్కను తోసిపుచ్చాయని చూపించండి. ఆ కొలతల పని తప్పి నాకు శుక్రవారం సాయంత్రాలు మిగిలాయి. రెండు నెలలైనా మారకపోతే, ఏదైనా కంపెనీలో కార్పొరేట్ కమ్యూనికేషన్స్ (ఆ కంపెనీ సొంత పీఆర్ చూసే) ఉద్యోగం చూసుకోండి.