సంభావ్యత చరిత్ర మీద సెమినార్ ఇవ్వబోయే అమ్మాయికి

చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సెమినార్‌కి 45 నిమిషాలే ఇచ్చారన్నావు. అయితే 1654లో పాస్కల్, ఫెర్మా రాసుకున్న ఉత్తరాలతో ఎత్తుకోకు. పాచికలతో మొదలుపెడితే 1812 నాటి లాప్లాస్ దగ్గరికి వచ్చేసరికే టైమైపోతుంది. నువ్వు చెప్పాల్సింది ఆ తర్వాతి కథ. ఆ కాలమంతా 5 నిమిషాల్లో దాటేయి. అప్పటి నిర్వచనం సమానావకాశం ఉన్న ఫలితాలను లెక్కపెట్టడం, అంతే. ఫలితాలు అనంతమైతే అది చెల్లదు.

ఎలా చెల్లదో 1889లో బెర్ట్రాండ్ చూపించాడు. బోర్డు మీద వ్యాసార్థం 1 ఉన్న వృత్తం, దాని లోపల సమబాహు త్రిభుజం గీయి. భుజం √3. యాదృచ్ఛికంగా గీసిన జ్యా అంతకన్నా పొడవుగా ఉండే సంభావ్యత ఎంత? జ్యా కొసలు రెండూ పరిధి మీద ఎంచుకుంటే 1/3. వ్యాసార్థం మీద ఒక బిందువు ఎంచుకుని అక్కడ లంబంగా గీస్తే 1/2. జ్యా మధ్యబిందువును వృత్తం లోపల ఎక్కడైనా ఎంచుకుంటే, అది సగం వ్యాసార్థమున్న లోపలి వృత్తంలో పడాలి కాబట్టి 1/4. మూడూ నువ్వే చేసి చూపించు, 10 నిమిషాలు పట్టినా సరే. వీటిలో ఫలానాదే ఒప్పు అనకు. ఏ కొలత ప్రకారం 'యాదృచ్ఛికం' అన్నది ప్రశ్నలోనే లేదు.

కొలత అనే మాట వినేవాళ్ళ మనసుకెక్కాక 1900లో పారిస్‌లో హిల్బర్ట్ ఇచ్చిన ఆరో సమస్యకు రా. సంభావ్యతను, భౌతికశాస్త్రాన్ని స్వీకృతాల మీద, అంటే రుజువు అడగకుండా ఒప్పుకునే మూలసూత్రాల మీద, నిలబెట్టమన్నదే అది. కొలత (మెజర్) సిద్ధాంతాన్ని కట్టిన లెబేగ్ 1902, దాన్ని సంభావ్యతకు వాడిన బోరెల్ 1909, ఇంకా విస్తరించిన ఫ్రెషే 1915 ఒక్కో వాక్యం చాలు. వదిలేస్తే మాత్రం 1933లో సంభావ్యతకు స్వీకృతాలు రాసిన కొల్మొగొరోవ్ అంతా ఒక్కడే కనిపెట్టినట్టవుతుంది. మెజర్‌ను ఏ సమితి మీదైనా పెట్టవచ్చని ఫ్రెషే చూపించబట్టే కొల్మొగొరోవ్‌కు దారి దొరికింది. కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్‌కు, అంటే కొంత సమాచారం తెలిశాక ఆశించే సగటుకు, 1930 నాటి రాడాన్-నికోడిమ్ సిద్ధాంతం వాడుకున్నాడు. సంభావ్యత అంటే ప్రయోగాన్ని పదేపదే చేస్తే తేలే నిష్పత్తి అన్న ఫాన్ మీజెస్ ఓడిపోయాడని కూడా అనకు. సిద్ధాంతాన్ని వాస్తవ ప్రపంచానికి అన్వయించే విషయంలో తాను మీజెస్‌నే అనుసరించానని కొల్మొగొరోవే రాసుకున్నాడు.

చాలామంది ఎగరగొట్టేది కొల్మొగొరోవ్ ఆరో స్వీకృతం. మొదటి ఐదింటినీ పరిమిత సందర్భానికి పెట్టి, కంటిన్యుటీ (ఘటనలు కుంచించుకుపోతూ శూన్యమైతే సంభావ్యతా 0కి చేరాలనేది) గురించిన దీన్ని రెండో అధ్యాయంలో విడిగా చేర్చాడు. అనుభవంలో దీని అర్థం చెప్పడం కష్టమని దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం, దానికి 5 నిమిషాలు ఉంచు. అన్నట్టు, మన చెన్నైలో పుట్టి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సంభావ్యతా శాస్త్రజ్ఞుడు వరదన్ గారి థీసిస్ పరీక్షకుల్లో ఈ కొల్మొగొరోవ్ ఒకరు. ఇక్కడివాళ్ళకు ఆ మాట చెప్పి తీరాలి.

చివర్లో ఎవరో ఒకరు అడుగుతారు, ప్రతి ఉపసమితికీ సంభావ్యత ఎందుకివ్వకూడదని. 1905 నాటి విటాలి నిర్మాణం సిద్ధంగా ఉంచుకో. వృత్త పరిధిని, పూర్తి చుట్టులో అకరణీయ భాగాల మేర తిప్పితే ఒకదానిమీద ఒకటి సరిపోయే ముక్కలుగా చేస్తారు. ముక్కలు అనంతమైనా 1, 2, 3 అని వరస వేయగలిగినన్నే. కొలత తిప్పినా మారకూడదు కాబట్టి అన్నిటికీ ఒకే విలువ. అది 0 అయితే మొత్తం 0, ఏ కాస్త ఉన్నా మొత్తం అనంతం. మొత్తం సంభావ్యత కావాల్సిన 1 ఎలాగూ రాదు. ఈ ఐదు వాక్యాలూ చీటీ చూడకుండా చెప్పగలగాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న