పిన్ను వెనుక ముద్ర, చీటీ మీద రాత

ప్రశ్న: నేను ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర ఉంటాను. మా తాతగారు బొగ్గు ఇంజన్ల కాలంలో కాజీపేటలో ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఆయన జ్ఞాపకంగా పాత అమెరికన్ రైల్వే యూనియన్ల పిన్నులు, ఉంగరాలు సేకరిస్తున్నాను. మూడేళ్ల ఏడు నెలల క్రితం ఇక్కడి ఒక పాత వస్తువుల దుకాణంలో ఫైర్‌మన్ల యూనియన్ పిన్ను 1,850 డాలర్లకు కొన్నాను. 14 క్యారెట్ల బంగారమనీ, 1880ల నాటిదనీ చెప్పారు. గత నెల బీమా కోసం వెల కట్టిస్తే రోల్డ్‌గోల్డ్ అని తేలింది. ఫోన్ చేస్తే దుకాణదారు నవ్వాడు. బంగారం ఇంత పెరిగిన ఈ రోజుల్లో నాకు ఎంత పరిహారం వస్తుంది? అదే వర్ణనతో ఆన్‌లైన్‌లో అమ్మేయమని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పుటలున్నా, దావాకు పనికివచ్చే వాక్యం చివరి పుటలో ఒక్కటే ఉంది. కొన్న రోజే పిన్నును దాని చీటీతో సహా ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టానని రాశారు. బిల్లు మీద ‘రైల్వే యూనియన్ పిన్ను’ అని తప్ప ఏమీ లేదు. వస్తువుకు దారంతో కట్టిన ఆ చీటీ మీదనే ‘14 క్యారెట్లు, 1880లు’ అని ఉంది. అమ్మకందారు వస్తువును వర్ణించి, ఆ వర్ణన బేరంలో భాగమైతే, అది హామీ అవుతుంది. ‘డెబ్స్ (ఆనాటి రైల్వే కార్మిక నాయకుడు) కాలం నాటిది, దీని విలువ ఇంకా పెరుగుతుంది’ అని నోటితో చెప్పిన మాటలను కోర్టు వ్యాపారపు పొగడ్తగా తీసిపారేయవచ్చు గానీ, చీటీ మీది క్యారెట్లను అలా తీసిపారేయడం కష్టం. చీటీని పారేశానని మీరు తేలికగా రాశారు. దాదాపు రెండు వేల డాలర్ల వస్తువు కొని దాని రాతను చెత్తబుట్టలో వేసినవారిని ఆ ఫొటోయే కాపాడాలి. తేదీ కనిపించేలా ఆ సందేశాన్ని, అసలు ఫొటో ఫైలును ఈ రోజే భద్రపరచండి.

ఇక మీరు ఉత్తరంతో పంపిన ఫొటోల్లో నాకు కనిపించినవి. వెనుక సూది కింద ‘1/20 12కె జి.ఎఫ్.’ అని ముద్ర ఉంది. జి.ఎఫ్. అంటే గోల్డ్ ఫిల్డ్, మనం రోల్డ్‌గోల్డ్ అనేదే; 12 క్యారెట్ల బంగారపు పొర మొత్తం బరువులో ఇరవయ్యో వంతు అని ఆ ముద్రకు అర్థం. అంటే స్వచ్ఛమైన బంగారం నూటికి రెండున్నర పాళ్లు. ఈ పిన్నులు సభ్యత్వ చిహ్నాలు కనుక చాలావరకు ఇలాగే చేసేవారు, అందులో మోసం లేదు. మోసమల్లా చీటీలో ఉంది. ముందువైపు ఎనామెల్ మీద యూనియన్ పొడి అక్షరాల చివర ఇంగ్లీషు ‘E’ అక్షరం ఉంది. 1873లో న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్ జెర్విస్‌లో పుట్టిన ఆ సంఘానికి మొదట ఫైర్‌మన్ల పేరు మాత్రమే ఉండేది. ఆ ‘E’ సూచించే ‘ఎంజిన్‌మెన్’ (ఇంజన్ నడిపేవారు) అన్న మాట 20వ శతాబ్దంలోకి వచ్చాకే చేరింది. కాబట్టి 1880ల మాటను పిన్ను తానే కాదంటోంది.

అయితే ఈ అక్షరం రెండువైపులా పదునున్నది. లోపాన్ని కనుగొన్న తరువాత, లేదా కనుగొని ఉండవలసిన సమయం తరువాత, సబబైన వ్యవధిలో అమ్మకందారుకు తెలియజేయకపోతే ఏ పరిహారమూ రాదు. సేకరణ చేసే మీరు పిన్నును తిప్పి చూడకుండా మూడున్నరేళ్లు లాకరులో ఎందుకు పెట్టారని అవతలివారు తప్పక అడుగుతారు. బీమా కోసం తీసేదాకా దాన్ని ముట్టలేదన్నది మీ జవాబు; అది బలహీనమైన జవాబే గానీ నిజమైనది, దానినే చెప్పండి. ఫోన్‌లో మాట్లాడినందుకు రుజువు లేదు గనుక ఈ వారమే లోపాలు రెండూ వివరిస్తూ రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి.

కాలపరిమితి మరీ కఠినం. ఒహాయోలో సరుకుల అమ్మకంపై దావాకు గడువు నాలుగేళ్లు, అదీ మోసం తెలిసిన రోజు నుంచి కాక వస్తువు చేతికి అందిన రోజు నుంచి. మీకు మిగిలింది అయిదు నెలలు. ఉత్తరం పంపితే గడియారం ఆగదు, దావా దాఖలు చేస్తేనే ఆగుతుంది. బిల్లు వెనుక చిన్న అక్షరాలు కూడా చదవండి: ఒప్పందంతో ఈ గడువును ఒక సంవత్సరం వరకూ తగ్గించుకోవచ్చు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు మాత్రం చీటీ మీది స్పష్టమైన హామీని మామూలుగా రద్దు చేయలేదు.

మిత్రుడి సలహా వినకండి. రోల్డ్‌గోల్డ్ అని తెలిసి 14 క్యారెట్లని అమ్మిన మరుక్షణం బాధితులు మీరు కాదు, మీ కొనుగోలుదారు. ఇంటర్నెట్ ద్వారా రాష్ట్రాల మధ్య జరిగే మోసం ఫెడరల్ నేరం, శిక్ష 20 ఏళ్ల వరకూ ఉంది. ఉన్నది ఉన్నట్టు వర్ణించి అమ్మడానికి అభ్యంతరం లేదు గానీ, దావా ముగిసేదాకా అదీ వద్దు.

పరిహారానికి నేటి బంగారం ధరతో పనిలేదు. వస్తువు మీ చేతికి వచ్చిన రోజున హామీ ఇచ్చిన పిన్ను ఎంత చేసేదో, వచ్చిన పిన్ను ఎంత చేసేదో, ఆ తేడాయే మీకు వస్తుంది. బీమా కోసం కట్టిన వెల కొత్తగా కొనుక్కోవడానికి పట్టే ధర. కోర్టుకు కావలసింది ఆనాటి మార్కెట్ విలువ. అందువల్ల ఆ తేదీకి విలువ కట్టగల, పిన్నును తాను కొనే ఉద్దేశం లేని మదింపుదారు చేత లిఖితంగా రాయించుకోండి. లోహాన్ని పరీక్షించే ఎక్స్‌రే యంత్రం పైపొరనే చదువుతుంది గనుక అరిగిన అంచు దగ్గర కూడా చూడమని అడగండి.

ఒహాయో చిన్న క్లెయిముల కోర్టు పరిమితి 6,000 డాలర్లు. మీ మొత్తం అందులో ఇముడుతుంది, వకీలు అవసరం లేదు. దుకాణం ఉన్న చోటి కోర్టులో దాఖలు చేయండి. అప్పటిదాకా పిన్నును గీటురాయి మీద గీయించకండి, ఆమ్లం చుక్క వేయించకండి, మెరుగు కూడా పెట్టించకండి.