వీధి చివరి చిన్న క్లినిక్కా, విజయవాడ పెద్దాసుపత్రా?

మీరు అడిగింది ఇదీ: రెండు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారు. మీ వీధి చివర తండ్రీ కూతుళ్లు నడిపే చిన్న పశువుల క్లినిక్ ఉంది. మీ బావగారేమో "అక్కడికి గేదెలూ మేకలూ వస్తాయి, పిల్లను విజయవాడలో ఏసీ ఆసుపత్రికి తీసుకెళ్లండి" అంటున్నారు. ఎటు వెళ్లాలో తేలడం లేదు.

మాది తెనాలి. పన్నెండేళ్లుగా అచ్చం అలాంటి క్లినిక్‌కే వెళ్తున్నాం. జిమ్మీ, లక్ష్మి అని రెండు కుక్కలు, ఒక పిల్లి, మధ్యలో ఒకసారి మా అత్తగారి గేదె, అన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడిచాయి. కాబట్టి నా మాట కొంచెం అటే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నా.

మొదట నేను చేసిన తప్పు చెప్తాను. జిమ్మీ కంటే ముందు ఇంకో పిల్ల ఉండేది. దానికి టీకా ఒక పెట్ షాపులోనే వేయించాం. పేరు ఎందుకులెండి. కౌంటర్ దగ్గర కుర్రాడే సూది వేసి, కార్డు మీద తేదీ రాసిచ్చాడు. ఒక డోసు పడింది కదా, ఇంకేం భయం అని మా అబ్బాయి దాన్ని వీధంతా తిప్పాడు. మూడో నెల నిండకుండానే పార్వో అనే వైరస్ జబ్బు వచ్చింది. వాంతులు, రక్త విరేచనాలు. అప్పుడు పరిగెత్తింది ఈ క్లినిక్‌కి. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు, మూడో రోజు తెల్లారుజామున పోయింది. పెద్ద డాక్టరు గారు ఆ కార్డు తిరగేసి, "టీకా సీసా మీది స్టిక్కర్ ఏదమ్మా?" అని అడిగారు. అలాంటిది ఒకటి ఉంటుందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

సీసా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండే చిన్న కాగితం అది. టీకా వేశాక దాన్ని ఒలిచి మన కార్డులో అతికించి, పక్కన డాక్టరు సంతకం పెడతారు. మీరు వెళ్లే చోటు పెద్దదైనా చిన్నదైనా ఇది చూసుకోండి. మీ పిల్లను అమ్మినవాళ్లు ఇచ్చిన కార్డులో స్టిక్కర్ లేకుండా ఉత్త తేదీలే ఉంటే, ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఒక్క డోసు ఎందుకు చాలదో కూడా ఆయనే చెప్పారు. తల్లి నుంచి, ముఖ్యంగా మొదటి జున్నుపాల నుంచి, పిల్లకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లూ మనం వేసే టీకాను కూడా పని చేయనివ్వదు. అది ఒక పిల్లలో ఏడో వారానికే తగ్గిపోవచ్చు, ఇంకో పిల్లలో పద్నాలుగో వారం దాకా ఉండొచ్చు. ఏ పిల్లకు ఎప్పుడు తగ్గిందో బయటికి కనిపించదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. చివరి డోసు పడేదాకా వీధి మట్టి వాసన కూడా చూపించొద్దు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్‌తో కడిగితే పోతుందన్న నమ్మకం పెట్టుకోకండి. ముందు నేల శుభ్రంగా కడిగి, ముప్పై పాళ్ల నీళ్లకు ఒక పాలు బ్లీచ్ కలిపి తుడవమన్నారు మాకు. ఏడాది పాటు ఇంకో పిల్లను తేలేదు మేం.

ఇక ఆ క్లినిక్ సంగతి. రెండు గదులు, ముందు వరండా, వెనక వాళ్ల ఇల్లు. పెద్ద డాక్టరు గారు పశుసంవర్ధక శాఖలో చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ పొద్దున్నే ఊళ్ల మీదికి వెళ్తారు. "గేదె ఈనింది, మాయ పడలేదు సార్" అని ఫోన్ వస్తే తింటున్న ఇడ్లీ వదిలేసి బండి ఎక్కుతారు. ఆయన కోపిష్ఠి. మందులు సగంలో ఆపేసి వచ్చినవాళ్లను వరండాలో అందరి ముందూ తిడతారు, నేనూ తిన్నాను. కూతురు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో చదివి వచ్చింది, కుక్కలూ పిల్లులూ ఆమెవి. మేం డాక్టరమ్మ అంటాం. కాంపౌండర్ బాబాయ్ పాతికేళ్లుగా అక్కడే ఉన్నాడట. ఎంత పొగరు కుక్కయినా ఆయన చెవి వెనక రెండు వేళ్లు పెట్టేసరికి నిలబడిపోతుంది.

అన్నిటికంటే పెద్ద దిక్కు అమ్మగారు, డాక్టరు గారి భార్య. రిజిస్టరు, మందులు, డబ్బులు, ఫోన్లు అన్నీ ఆవిడే. రిజిస్టరు అంటే పొడుగాటి రూళ్ల నోట్‌బుక్. అందులో మనుషుల పేర్లు ఉండవు, "జిమ్మీ, చినరావూరు, టైలర్ కొట్టు పక్క" అని ఉంటుంది. బరువు రాస్తారు ప్రతిసారీ. ఒకసారి జిమ్మీ బరువు చూసి పాత పేజీ తిరగేసి, "రెండు నెలల్లో మూడు కిలోలు పెరిగాడు, వీడికి జబ్బేం లేదు, మీ గారాబమే జబ్బు" అని తేల్చేశారు. నిజమే, మా మామగారు కాఫీ తాగినప్పుడల్లా రెండు బిస్కెట్లు వేసేవారు.

అక్కడ నాకు నమ్మకం కుదిరింది వరండా మెట్ల దగ్గర. పిల్లను ఎత్తుకొని ఎవరైనా ఆటో దిగబోతే బాబాయ్ ముందు అడ్డం వెళ్లి, "వాంతులా? విరేచనాలా? రక్తం ఉందా?" అని అడుగుతాడు. అవునంటే లోపలికి రానివ్వడు. డాక్టరమ్మే బయటికొచ్చి ఆటోలోనే చూస్తుంది. తర్వాత చేతులు కడుక్కొని, చెప్పులు మార్చుకొని గానీ లోపలికి పోదు. పార్వో కేసులకు పెరటి వైపు రేకుల షెడ్డు వేరే ఉంది. మొదట్లో "ఇదేం మర్యాద, కుర్చీ కూడా వేయలేదు" అనుకున్నా. లోపల టీకాల కోసం వచ్చిన కుక్కపిల్లలు కూర్చుని ఉంటాయని తర్వాత అర్థమైంది. మీ వీధి చివరి క్లినిక్‌లో ఒక సాయంత్రం ఊరికే అరగంట కూర్చుని చూడండి. అన్నిటినీ ఒకే బల్ల మీద, మధ్యలో తుడవకుండా చూస్తుంటే, ఏసీ ఉన్నా అక్కడికి వెళ్లొద్దు.

మీ బావగారి గేదెల మాట: పెద్ద పశువులు మా దగ్గరా వస్తాయి, వాటికి పక్క సందులో బోను ఉంది. గేదె నుంచి మీ పిల్లకు పార్వో రాదు. టీకాలు లేని పక్క కుక్కపిల్ల నుంచే వస్తుంది.

ఒక వానాకాలం జిమ్మీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూత్రం టీ డికాషన్ రంగులో పోశాడు. అంతకుముందు వారమే చెవుల్లోంచి పిడుదులు ఏరాను, కానీ రెంటికీ ముడి పెట్టలేదు. డాక్టరమ్మ వాడి పైపెదవి ఎత్తి చిగురు చూపించింది, సుద్దముక్కలా తెల్లగా ఉంది. బొటనవేలితో నొక్కి వదిలి, "చూడండి ఆంటీ, ఒకటి రెండు అనేలోపు మళ్లీ ఎర్రబడాలి" అంది. మూడు దాటినా తెలుపే. చెవి అంచున చిన్న గాటు పెట్టి రక్తం చుక్క గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమంది. ఎర్ర కణంలో బేరిపండు ఆకారంలో రెండు చుక్కలు, జంటగా. బెబీసియా అంది, పిడుదులు అంటించే పరాన్నజీవి. ఇంజెక్షన్ చేసింది. పిడుదుల వల్ల వచ్చే ఇంకో జబ్బు, ఎర్లికియా, దీంతో కలిసి ఉంటుందని అనుమానం వచ్చి రక్తం గుంటూరు ల్యాబ్‌కు పంపింది. అదీ ఉందని తేలింది. ఇరవై ఎనిమిది రోజులు డాక్సీసైక్లిన్. పదో రోజుకే వీడు గేటు దూకుతుంటే ఇక ఆపేద్దామా అని ఫోన్ చేశా. ఫోన్ ఎత్తింది పెద్ద డాక్టరు గారు. ఏమన్నారో రాయను.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా అప్పుడే చెప్పింది. పిడుదు ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు, గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో ఉంటుంది. వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్లీ మొదటికే. గోడ పగుళ్లకు సిమెంటు పూయించాం.

లక్ష్మి సంగతి వేరు. దానికి ఏడేళ్లు. ఎద తీరి నెల దాటింది. అన్నం మానేసింది, నీళ్లు మాత్రం గిన్నెల మీద గిన్నెలు తాగుతోంది. ఎండాకాలం కదా అనుకున్నా. డాక్టరమ్మ పొట్ట తడిమి, ఎద ఎప్పుడు తీరిందని అడిగి, స్టెతస్కోపు బల్ల మీద పెట్టేసింది. "ఆంటీ, గర్భసంచిలో చీము పట్టినట్టుంది. ఇక్కడ కాదు. స్కాన్ లేదు, మత్తిచ్చే మెషీన్ లేదు. గన్నవరం వెళ్లండి, ఇప్పుడే." అక్కడే నిలబడి కాలేజీ ఆసుపత్రిలో సీనియర్‌కు ఫోన్ చేసింది, చీటీ రాసింది, డ్రిప్ సూది కాలికి అలాగే ఉంచి కట్టు కట్టింది. అమ్మగారు డబ్బు తీసుకోలేదు, "ముందు కారు మాట్లాడుకోండి" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ అయింది. ఇంకో రోజు ఆగి ఉంటే గర్భసంచి పగిలేదేమో అన్నారు అక్కడ.

మూడేళ్ల ముందే డాక్టరమ్మ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంది. మా అత్తగారు "ఒక్కసారైనా ఈననివ్వండి" అంటే నేనూ ఊరుకున్నా. ఆ మాట ఆమె ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. తిరిగొచ్చాక పది రోజులు కట్టు మార్చిందీ, కుట్లు విప్పిందీ ఇక్కడే. కుట్లు నాకకుండా మెడకు పెట్టే ప్లాస్టిక్ గరాటు మా సైజు దొరక్కపోతే, బాబాయ్ పాత పెయింట్ బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి తొడిగాడు. ఏషియన్ పెయింట్స్ అక్షరాలతో లక్ష్మి రెండు వారాలు తిరిగింది.

లోపాలు లేవా అంటే చాలా ఉన్నాయి. ఎక్స్‌రే లేదు. ఒకసారి జిమ్మీ కుంటుతుంటే బెణుకు అనుకొని పది రోజులు మందులిచ్చారు, చివరికి విజయవాడలో ఎక్స్‌రే తీస్తే సన్నటి చీలిక. "ముందే పంపాల్సింది, నాదే పొరపాటు" అని డాక్టరమ్మే అంది. వాళ్లింట్లో పెళ్లయినప్పుడు వారం రోజులు తాళం. రాత్రి పదకొండు దాటితే ఫోన్ ఎత్తుతారన్న హామీ లేదు. బిల్లు అడిగితే చీటీ ముక్క మీద రాసిస్తారు. అందుకని రాత్రిళ్లు తెరిచి ఉండే విజయవాడ ఆసుపత్రి నంబరు మా ఫ్రిజ్ మీద రాసి పెట్టుకున్నాం, ఒక్కసారి వాడాం కూడా. మీరూ రెండూ ఉంచుకోండి. రోజువారీ టీకాలు, నట్టల మందు, చర్మం, చెవులు, కడుపు మీ వీధి చివరే. ఎముక, పెద్ద ఆపరేషన్, అర్ధరాత్రి అయితే విజయవాడ.

వెళ్లేముందు బోర్డు మీద బీవీఎస్సీ అండ్ ఏహెచ్ (పశువైద్య డిగ్రీ) అనీ, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయా చూడండి. టీకాలు పెట్టే ఫ్రిజ్ ఏదో, కరెంటు పోతే ఏం చేస్తారో అడగండి, మంచి డాక్టరు ఈ ప్రశ్నకు చిరాకు పడరు. మాకైతే ఇన్వర్టర్ కూడా చూపించారు. ఆ ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ పెట్టినందుకు బాబాయ్‌ని అమ్మగారు తిట్టడం నేను స్వయంగా విన్నాను. "మీ దగ్గర కానివి ఏమిటి, వాటికి ఎక్కడికి పంపుతారు" అని కూడా అడగండి. "అన్నీ ఇక్కడే చేస్తాం" అని రెండు గదుల క్లినిక్‌లో ఎవరైనా అంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

ఈలోగా ఒంట్లో బాగోలేనట్టుంటే మన మాత్రలేవీ వేయకండి. నొప్పికి మనం మింగే ఐబూప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపులో పుండ్లు పెడతాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే, దానికి ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు ప్రాణం పోవడానికి.

మొదటిసారి వెళ్లేటప్పుడు అమ్మినవాళ్లిచ్చిన కార్డు, ఆ పొద్దుటి మలం కొంచెం మూత ఉన్న డబ్బాలో, ఒక పాత తువ్వాలు తీసుకెళ్లండి. ఏం తింటోందో, రోజుకు ఎన్నిసార్లో రాసుకెళ్లండి, అక్కడికెళ్లాక గుర్తురావు. సాయంత్రం రద్దీ మొదలవకముందే వెళ్లండి. వరండాలో పిల్లను నేల మీద దించకండి, తువ్వాలు చుట్టి ఒళ్లోనే ఉంచుకోండి. పక్కవాళ్లు ముద్దొస్తోందని చెయ్యి చాపినా ఇవ్వకండి.