పాలిచ్చే తల్లి నడకకు వెళ్లేముందు ఏం తినాలి: నా అనుభవం

నాలుగో నెల పాపకు పాలిస్తూనే పొద్దున గంట నడక, సాయంత్రం ఇంట్లో వ్యాయామం చేస్తున్నానని, మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గానని, పాలు కూడా తగ్గినట్టు అనిపిస్తోందని, నూనె పదార్థాల జోలికి పోకుండా ఒంటికి సరిపడా ఎలా తినాలని మీరు ఒంగోలు నుంచి అడిగారు. నేను డాక్టరును కాను. నెల్లూరులో కాపురం, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత మీరు చేస్తున్న పొరపాటే నేనూ చేశాను కనుక రాస్తున్నాను.

నా పుట్టిల్లు కొత్తపట్నం వైపు. బాలింత పథ్యమంటే మా అమ్మమ్మ లెక్కలో వెల్లుల్లి కారం, నెయ్యి, రెండు పూటలా కొలిచి పెట్టిన అన్నం. పండ్లు జలుబు చేస్తాయి, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుంది. నెల్లూరు వచ్చాక, మూడో నెలలో డాక్టరమ్మ సరేనన్న తర్వాత, ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో నడక మొదలుపెట్టి, బరువు తగ్గాలన్న ఆత్రంలో రాత్రి అన్నం కూడా మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకున్నాను. ఒకరోజు తెల్లవారుజామున బాబుకు పాలిచ్చి, ఖాళీ కడుపుతో వెళ్లి, మూడో చుట్టులో కళ్లు బైర్లు కమ్మి మెట్ల మీద కూలబడ్డాను. పక్కన నడుస్తున్న పెద్దావిడ సంచిలోంచి వేరుశనగ అచ్చు తీసి చేతిలో పెట్టి, "పిల్లాడి కడుపు నింపి వచ్చావు, మరి నీ కడుపో?" అని అడిగింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, పాలిచ్చే తల్లికి మామూలు తిండికి అదనంగా మొదటి ఆరు నెలలు రోజుకు 600, తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు కావాలి. ముప్పావు గంట చురుకైన నడకకు ఇంకో 150 నుంచి 200 దాకా ఖర్చవుతాయి. ఒక మాదిరి వ్యాయామం వల్ల పాలు తగ్గవు; తిండి బాగా కోసేసినప్పుడు, బిడ్డకు పట్టడం తగ్గినప్పుడు తగ్గుతాయి. మీ పాప రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే.

ఈ 600 కేలరీలను అన్నం ముద్దలు పెంచి రాబట్టాలని చూస్తే పొట్ట బరువెక్కుతుందే తప్ప పని జరగదు. నేను భోజనాలను ఉన్నట్టే ఉంచి, వాటి మధ్యలో కలిపాను. నువ్వులు, వేరుశనగలు వేయించి బెల్లంతో దంచిన చిన్న ఉండలు రెండు (సుమారు 240 కేలరీలు), రెండు ఉడికిన గుడ్లు (150), ఒక గ్లాసు గేదె పాలు (200), ఒక అరటిపండు (100). ఉండల డబ్బా, నీళ్ల సీసా మంచం పక్కనే పెట్టుకున్నాను. రాత్రి మూడు గంటలకు బాబును ఒళ్లో వేసుకుని ఒంటిచేత్తో తినగలిగేది ఉండ ఒక్కటే. పొద్దున పాలు పట్టి, అరటిపండు తిని, అప్పుడు నడకకు వెళ్లేదాన్ని. రొమ్ములు బరువుగా లేకపోవడంతో నడక కూడా హాయిగా సాగేది. తిరిగొచ్చాక రాగి సంగటి, మునగాకు పప్పు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయినా కాన్పు తర్వాత 180 రోజులు వాడమన్న ఐరన్, కాల్షియం మాత్రలు మానలేదు.

చేపల సంగతి విడిగా చెప్పాలి. పాలు పడతాయని మన తీరంలో బాలింతకు సొరపిట్టు పెడతారు. మా అమ్మా పెట్టింది, రుచికి వంక లేదు. కానీ సొర పెద్ద చేప, దాని ఒంట్లో పాదరసం ఎక్కువగా పేరుకుంటుంది కనుక పాలిచ్చేవాళ్లు తినకపోవడమే మేలు. దాని బదులు నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు వారానికి రెండుసార్లు తిన్నాను. నెత్తళ్లు, మామిడికాయ పులుసు పెడితే అమ్మ కూడా సొర మాట ఎత్తలేదు.

మీ విషయంలో నాకు గుచ్చుకున్నది ఆ నాలుగు కిలోలు. పాలిచ్చే తల్లి వారానికి అరకిలో వరకు తగ్గితే ఫరవాలేదు. మీరు అంతకు రెండింతలకు పైగా తగ్గుతున్నారు. సాయంత్రం వ్యాయామాన్ని పది రోజులు ఆపి, పైన చెప్పినట్టు తిని, మళ్లీ తూచుకోండి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ గ్రంథి వాచి, బాగా తింటున్నా బరువు పడిపోవడం, గుండె దడ, చేతులు వణకడం కనిపిస్తాయి. అవేమైనా ఉంటే పది రోజులు కూడా ఆగకుండా డాక్టరును కలిసి ఆ రక్తపరీక్ష అడగండి.