ఆనర్స్ క్లాసు తీసేస్తే నష్టపోయేది మన పిల్లలు కాదు

తొమ్మిదో తరగతిలో ఆనర్స్ ఇంగ్లిష్, ఆనర్స్ బయాలజీ (మామూలు క్లాసు కంటే పై స్థాయి పాఠం చెప్పే క్లాసులు) తీసేసి పిల్లలందరినీ ఒకే క్లాసులో కూర్చోబెట్టాలని కాలిఫోర్నియాలోని మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆలోచిస్తోందనీ, అది సమానత్వం కోసమేనని ఆ స్కూళ్లను నడిపే బోర్డు అంటోందనీ, దాన్ని వ్యతిరేకిస్తూ మన తెలుగు తల్లిదండ్రులు తిప్పుతున్న పిటిషన్ మీద సంతకం పెట్టాలా వద్దా అనీ మీరు అడిగారు. క్లాసు తీసేయడం తప్పు. ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. అయితే మనవాళ్లు ఇలాంటి పిటిషన్లలో రాసే కారణం కూడా తప్పేనని, ఇదే రాష్ట్రంలో ఇద్దరు పిల్లలను పబ్లిక్ స్కూళ్లలోనే చదివించిన తల్లిగా చెబుతున్నాను. మన పిల్లలు వెనకబడిపోతారని రాస్తారు. మన పిల్లలు వెనకబడరు. వెనకబడే పిల్లలు వేరే ఉన్నారు, వాళ్ల తరఫున ఆ పిటిషన్‌లో ఒక్క వాక్యం కూడా ఉండదు.

మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో శనివారం మధ్యాహ్నాలు పిల్లలకు హోంవర్క్‌లో సాయం చేసే కార్యక్రమం ఒకటి ఉంటుంది. అక్కడ నేను వాలంటీరుగా కూర్చునే రోజుల్లో ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చేవాడు. వాళ్ల అమ్మానాన్నలు గ్వాటెమాలా నుంచి వచ్చినవారు. తల్లి ఒక రెస్టారెంటు వంటగదిలో పనిచేస్తుంది, తండ్రి ఇళ్లకు పైకప్పులు వేసే పనికి వెళ్తాడు. ఆ అబ్బాయి తన లెక్కలు గబగబా ముగించుకొని, మిగతా సమయమంతా పక్కవాళ్ల కాగితాల్లోకి చూస్తూ ఉండేవాడు. ఒకరోజు మా అమ్మాయి ఆల్జీబ్రా వర్క్‌షీటు బల్ల మీద ఉంది. రెండు సంఖ్యల మొత్తం 27, వాటి తేడా 5, ఆ సంఖ్యలు ఏవి అన్నది అందులో ఒక లెక్క. రెండు సమీకరణాలు రాసుకొని సాధించాలని పుస్తకం చెబుతుంది. ఆ అబ్బాయి పెన్సిల్ తీసుకొని కాగితం అంచున 22 అని రాశాడు, దాని కింద గీత గీసి 11 అని రాశాడు, పక్కనే 16 అని రాసి పెన్సిల్ కింద పెట్టేశాడు. ఎలా చేశావని అడిగితే, ఎక్కువగా ఉన్న అయిదును కాసేపు పక్కన పెడితే ఇద్దరి వాటాలూ సమానమవుతాయి కదా, సమానంగా పంచేసి ఆ అయిదును ఒకరికి తిరిగి ఇచ్చేశాను అన్నాడు. ఆల్జీబ్రా అనే పాఠం ఆ అబ్బాయికి అప్పటికి ఎవరూ చెప్పలేదు.

అలాంటి పిల్లవాడు మామూలు లెక్కల క్లాసులో ఎందుకు ఉన్నాడని నేను ఆరా తీశాను. ఏడో తరగతిలో వేగంగా సాగే లెక్కల క్లాసులో చేరాలంటే ఆరో తరగతి చదువుతుండగానే ప్లేస్‌మెంట్ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష రాయిస్తామని తల్లిదండ్రులు పేరెంట్ పోర్టల్‌లోకి వెళ్లి, గడువులోపు ఒక ఫారం నింపాలి. గడువు తేదీ ఇంగ్లిష్‌లో వచ్చే వారపు ఈమెయిల్‌లో, చందాల సేకరణకూ పుస్తక ప్రదర్శనకూ సంబంధించిన ప్రకటనల కింద ఎక్కడో ఉంటుంది. ఆ తల్లికి ఈమెయిల్ చూసే అలవాటు లేదు, పోర్టల్ పాస్‌వర్డ్ ఏమిటో తెలియదు. టీచరు సిఫారసు చేసే వీలు ఉంది కానీ, ఆ అబ్బాయి రికార్డులో ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న విద్యార్థి అని ఉంది, పైగా క్లాసులో నోరు విప్పని పిల్లవాడు, కాబట్టి ఆ సిఫారసు రాలేదు.

నేను ఆ తల్లితో కలిసి స్కూల్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం షిఫ్టు ముగించుకొని, సాయంత్రం షిఫ్టు మొదలయ్యేలోపు, వంటగదిలో వేసుకొనే నల్ల చొక్కాతోనే ఆమె వచ్చింది. కౌన్సెలర్ చెడ్డ మనిషి కాదు. కంప్యూటర్ తెర మా వైపు తిప్పి గడువు ఎప్పుడో ముగిసిందని చూపించింది, వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష ఉంటుందని, ఈ ఏడాదికి తన చేతిలో ఏమీ లేదని చెప్పింది. ఆ గదిలో స్పానిష్ తెలిసిన పెద్దవాళ్లు లేరు. తనకు ఆ క్లాసులో చోటు లేదన్న సంగతిని ఆ అబ్బాయే వాక్యం తరువాత వాక్యంగా స్పానిష్‌లోకి మార్చి తన తల్లికి వినిపించాడు. పన్నెండేళ్ల పిల్లవాడి చేత ఆ మాట చెప్పించడం కంటే అన్యాయం ఒక స్కూల్లో ఏముంటుందో నాకు తెలియదు.

అదే ఫారం సంగతి మన తెలుగు వాట్సాప్ గ్రూపులో గడువుకు ఎన్నో వారాల ముందే వచ్చేస్తుంది. పాత ప్రశ్నల నమూనాలు చేతులు మారతాయి, ఆ పరీక్ష కోసమే ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే ట్యూషన్ సెంటర్లలో సీట్లు నిండిపోతాయి. పిల్లలకు మార్కులు తక్కువ వచ్చినా తల్లిదండ్రుల బాధ్యత మీద చేర్చుకోమని ఇంకొక ఫారం ఇచ్చే వీలుంది, దాన్ని ఎలా రాయాలో కూడా ఎవరో ఒకరు పంచుతారు. మన పిల్లలు తెలివైనవాళ్లే, కష్టపడతారు, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ క్లాసులో వాళ్లు ఉండటానికి తెలివి ఒక్కటే కారణమని ఎవరైనా అంటే ఆ మాటను నేను ఒప్పుకోను.

ఆ మరుసటి ఏడాది మా డిస్ట్రిక్ట్ సమానత్వం పేరుతో ఆ క్లాసునే ఎత్తేసింది. ఓటింగు జరిగిన బోర్డు సమావేశంలో మనవాళ్లు పెద్ద సంఖ్యలో వరుసలో నిలబడి తలా ఒక నిమిషం మాట్లాడారు. ఆ సమావేశం పెట్టింది సాయంత్రం, రెస్టారెంటు వంటగదుల్లో పని ఎక్కువగా ఉండే వేళలో. ఆ తల్లిలాంటి వాళ్లు ఒక్కరు కూడా అక్కడ లేరు. ఎవరి కోసం ఈ మార్పు చేస్తున్నామని బోర్డు సభ్యులు పదే పదే అన్నారో వాళ్లెవరినీ ముందుగా అడిగిన దాఖలా కూడా నాకు కనిపించలేదు. తరువాత ఏం జరిగిందో విన్నారంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. వేసవిలో మన పిల్లలు గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టి ఆల్జీబ్రా పూర్తి చేసి, తొమ్మిదిలో నేరుగా దాని తరువాతి కోర్సు జామెట్రీలో కూర్చున్నారు. ఆ అబ్బాయి క్లాసు ఉన్నప్పుడూ బయటే ఉన్నాడు, తీసేశాకా బయటే ఉన్నాడు. వచ్చే ఏడాది పరీక్ష రాయవచ్చని కౌన్సెలర్ చెప్పిన ఆ ఒక్క అవకాశం కూడా పోయింది.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను తీసేసి అందరికీ తొమ్మిదిలోనే మొదలుపెట్టింది. చాలామంది తల్లిదండ్రులు బయటి కోర్సులకు డబ్బు కట్టుకున్నారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో లెక్కలు తీసి చూస్తే, పై తరగతుల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి గణితం చదివే పిల్లల్లో జాతుల మధ్య ఉన్న తేడా దాదాపు ఎలా ఉన్నది అలాగే ఉంది. ఆల్జీబ్రాను ఎనిమిదో తరగతికి తిరిగి తెమ్మని 2024 మార్చిలో నగర ఓటర్లు 80 శాతానికి పైగా మద్దతు పలికారు, బోర్డు అప్పటికే, ఫిబ్రవరిలోనే, ఆ నిర్ణయం తీసుకుంది. పది సంవత్సరాల పాటు నగరంలోని పేద పిల్లల మీద చేసిన ప్రయోగం అది. ఇంత జరిగిన తరువాత కూడా పాలో ఆల్టో బోర్డు 2025 జనవరిలో 3-2 ఓట్లతో తొమ్మిదో తరగతి ఆనర్స్ బయాలజీని తీసేసింది. పక్క ఊరి అనుభవం నుంచి కూడా నేర్చుకోకపోతే బోర్డులు ఇంకెక్కడి నుంచి నేర్చుకుంటాయని నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అయితే సమానత్వం అడిగేవాళ్లకు కారణం లేదని మాత్రం అనకండి. మన వాట్సాప్ గ్రూపుల్లో వాళ్లను చదువంటే గిట్టనివాళ్లుగా చిత్రించడం చూసి నాకు కోపం వస్తుంది. వాషింగ్టన్ డీసీ స్కూళ్లలో పిల్లలను పరీక్షల ఆధారంగా వేరు వేరు ట్రాకుల్లో పెట్టే పద్ధతి ఉండేది. నల్లజాతి పిల్లలు, పేద పిల్లలు కింది ట్రాకుల్లోకి చేరి అక్కడే ఉండిపోయేవారు. జూలియస్ హాబ్సన్ అనే ఉద్యమకారుడు కోర్టుకు వెళ్తే, 1967లో జడ్జి స్కెల్లీ రైట్ ఆ పద్ధతి చెల్లదని తీర్పు ఇచ్చారు. తమ పిల్లలను స్కూలే తక్కువగా అంచనా కట్టి కింద కూర్చోబెట్టిందన్న జ్ఞాపకం ఉన్న కుటుంబాలు అవి. మనం ఈ దేశానికి వచ్చింది ఆ తరువాత, ఆ పోరాటాల ఫలితం అనుభవించడానికి.

నేను గుంటూరు జిల్లాలో ఇంటర్మీడియట్ చదివిన కాలేజీలో వారాంతపు పరీక్ష మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. పై సెక్షన్లకు పేరున్న లెక్చరర్లు వచ్చేవారు, కింది సెక్షన్లకు అప్పుడప్పుడే చేరినవాళ్లు వచ్చి ఏడాది మధ్యలో వెళ్లిపోయేవారు. ఆ పద్ధతిలో నెగ్గుకొచ్చిన మనం, క్లాసులను విడదీయడం ప్రకృతి ధర్మమన్నట్టు మాట్లాడతాం. కింది సెక్షన్‌లో మన పక్క ఊరి పిల్లలే ఉండేవారని మరచిపోతాం.

దారి లేదా అంటే ఉంది, చేసి చూపించినవాళ్లు ఉన్నారు. ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ 2005లో, ఎవరో సిఫారసు చేస్తేనే పరీక్ష అనే పద్ధతి మానేసి, రెండో తరగతి పిల్లలందరికీ ప్రతిభా పరీక్ష పెట్టింది. ప్రమాణం తగ్గించలేదు. అయినా ప్రత్యేక క్లాసులకు అర్హులైన నల్లజాతి, హిస్పానిక్ పిల్లల సంఖ్య బాగా పెరిగిందని డేవిడ్ కార్డ్, లారా గియులియానో అనే ఆర్థికవేత్తలు చూపించారు. అంటే ఆ పిల్లలు అంతకు ముందు కూడా ఉన్నారు, వాళ్లను ఎవరూ చూడలేదు. డాలస్ డిస్ట్రిక్ట్ 2019లో ఇంకా సులువైన పని చేసింది. రాష్ట్ర పరీక్షలో మంచి మార్కులు వచ్చిన పిల్లలను మిడిల్ స్కూల్ ఆనర్స్ క్లాసుల్లో తానే చేర్చేస్తుంది, వద్దనుకునే తల్లిదండ్రులు వద్దని సంతకం పెట్టాలి. ఫారం నింపే భారం అటు నుంచి ఇటు మారింది, అంతే. కొన్నేళ్లలోనే ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా చదివేవారి వాటా మూడింతలైంది. 2023లో టెక్సస్ శాసనసభ ఆ ఆలోచనను రాష్ట్రం మొత్తానికి చట్టంగా చేసింది: అయిదో తరగతి గణితంలో పై 40 శాతంలో ఉన్న ప్రతి పిల్లవాడినీ ఆరులో అడ్వాన్స్‌డ్ గణితంలో చేర్చాలి. మా లైబ్రరీకి వచ్చిన ఆ అబ్బాయి డాలస్‌లో పుట్టి ఉంటే తల్లి ఏ పోర్టలూ తెరవకుండానే ఆ క్లాసులో ఉండేవాడు.

అందరినీ ఒకే క్లాసులో కూర్చోబెట్టి కూడా బాగా చదివించవచ్చని మీ బోర్డు వాదిస్తే, న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని రాక్‌విల్ సెంటర్ సంగతి అడగండి. అక్కడ 1990ల నుంచి పిల్లలందరికీ పై స్థాయి పాఠమే చెప్పారు, తడబడేవాళ్లకు రోజు విడిచి రోజు అదనపు క్లాసు పెట్టారు. దానికి టీచర్లు కావాలి, డబ్బు కావాలి, సంవత్సరాల ఓపిక కావాలి. మన దగ్గర బోర్డులు చేసేది ఏమిటంటే, ముప్ఫై మందికి పైగా ఉన్న క్లాసును ఒక టీచరుకు అప్పగించి, ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకు పాఠం చెప్పమని ఒక పూట శిక్షణ ఇచ్చి పంపేయడం. ఆ టీచరు ఏం చేయగలదు? మధ్యరకం పాఠం చెబుతుంది. ముందున్నవాడికి విసుగు, వెనకున్నవాడికి భయం.

ఇంకొక మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవలో సగం వేడి దీనివల్లే వస్తోంది. మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఆనర్స్ కావలసింది పాఠం కోసం కాదు, జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, కలిసే అదనపు పాయింటు కోసం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా జీపీఏ లెక్కలో తొమ్మిదో తరగతి గ్రేడ్లు అసలు కలవవు. ఆ తరగతి ఆనర్స్ వల్ల అక్కడ అదనపు పాయింటు రాదు. జీవశాస్త్రం మీద ఏ ఇష్టమూ లేని పిల్లలను ఆ పాయింటు కోసం ఆనర్స్‌లో కుదేసి, రాత్రి పదకొండు దాకా ట్యూషన్లు పెట్టించడం వల్ల, ఆ క్లాసు డబ్బున్నవాళ్ల క్లాసు అనే పేరు తెచ్చుకుంటోంది. ఆ పేరే రేపు దాన్ని తీసేయడానికి బోర్డు చేతిలో ఆయుధమవుతుంది.

ఇక మీ పిటిషన్. మీది కాలిఫోర్నియా కాబట్టి, తొమ్మిదో తరగతి గణితంలో పిల్లలను ఏ క్లాసులో పెట్టాలన్నది ఒకటికి మించిన నిష్పాక్షికమైన కొలమానాలను చూసి నిర్ణయించాలని, విద్యా సంవత్సరం మొదలైన నెలలోపు మళ్లీ పరిశీలించాలని 2015 ప్లేస్‌మెంట్ చట్టం ఇప్పటికే చెబుతోంది. పిటిషన్ రాసినవాళ్లతో మాట్లాడి, అదే నియమాన్ని ఇంగ్లిష్‌కూ బయాలజీకీ వర్తింపజేయాలనీ, అర్హత మార్కులు వచ్చిన ప్రతి విద్యార్థినీ ఏ ఫారం లేకుండా డిస్ట్రిక్టే ఆనర్స్‌లో చేర్చాలనీ రెండు వాక్యాలు కలపమనండి. స్పానిష్ ప్రతి కూడా తీసి, రెస్టారెంట్లలో, చర్చిల దగ్గర సంతకాలు అడగమనండి. బోర్డు సమావేశాన్ని ఆదివారం మధ్యాహ్నం పెట్టమని కోరమనండి. ఇవన్నీ ఒప్పుకుంటే తప్పకుండా సంతకం పెట్టండి. మన పిల్లలు వెనకబడిపోతారన్న ఒక్క వాక్యంతోనే ఆ కాగితం మీ దగ్గరికి మళ్లీ వస్తే, మీ స్థానంలో నేనుంటే సంతకం పెట్టను, బోర్డు ముందు నా నిమిషం నేనే వాడుకొని ఆ రెండు వాక్యాలూ చదువుతాను.