పుట్టిన బిడ్డకు ఆసుపత్రిలోనే గుడ్డ లంగోటీలు వాడొచ్చా?

వరంగల్‌లో కాన్పు, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ గుడ్డ లంగోటీలతో గడుస్తుందా అని అడిగారు. గడుస్తుంది. పాత కాటన్ చీర, ధోతి ఉతికి, ఎండలో ఆరేసి చింపుకుంటే చాలు. బొడ్డు ఊడేదాకా ముడి దాని కిందే ఉండాలి. మొదటి 2, 3 రోజులు మలం నల్లగా, జిగటగా పోతుంది. మరక సరిగా వదలదు, అప్పుడు పారేసే గుడ్డలే మేలు.

గుడ్డతో పెద్ద లాభం, తడి వెంటనే తెలుస్తుంది. తొలిరోజు బిడ్డ ఒకటి రెండుసార్లే ఉచ్చ పోసినా, 5వ రోజు దాటాక రోజుకు కనీసం 6 సార్లు పోయాలి. తగ్గితే పాలు చాలట్లేదేమో, డాక్టరుకు చెప్పండి.

అసలు చిక్కు ఉతుకుడే. వార్డులో ఆరేసే జాగా ఎక్కడిది? సద్ది తెచ్చేవాళ్లకే తడి మూట ఇచ్చి పంపాలి. వానకాలమైతే ఇస్త్రీ చేసి తెమ్మనండి. సిజేరియనైతే మాత్రం రాత్రికి డైపరే వేయండి, తల్లీ అమ్మమ్మా కాస్త పడుకుంటారు.